వాక్యం అయ్యేదాకా

మా తెలుగు సార్ పోయారన్న సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది. పొద్దున్నే దుకాణం షట్టర్ ఎత్తి, ముందర నీళ్ళు చల్లి, స్టీలు బిందెలు బయట పేరుస్తున్నాను. చేవెళ్ళ బడిలో మాతో చదివినవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. మామూలుగా అందులో గుడ్ మార్నింగ్ పూలు, మోకిల ప్లాట్ల ఫొటోలు తప్ప ఏమీ రావు. ఆ రోజు సార్ ఫొటో వచ్చింది. దాని కింద వరసగా దండాల బొమ్మలు, ఓం శాంతులు, సో సాడ్‌లు. ఒకడైతే "మన సార్..." అని మూడు చుక్కలు పెట్టి ఊరుకున్నాడు.

ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు నవ్వొచ్చింది. అంతమంది శిష్యులం, ఒక్కరంటే ఒక్కరు పూర్తి వాక్యం రాయలేదు. సార్ ఉండి ఉంటే ఆ మూడు చుక్కల దగ్గరే నిలబడి, "మన సార్? మన సార్‌కు ఏమైంది? కానియ్యి బిడ్డా, నేనున్న" అని ఉండేవారు. ఇక ఆ పని నామీదే పడింది. "మన తెలుగు సార్ చనిపోయారు" అని నేనే రాశాను. అది చదివాక ఇద్దరు ఫోన్ చేసి ఏడ్చారు. అప్పటిదాకా ఎవరికీ ఆయన పోయినట్టే అనిపించలేదట.

సార్‌కు ఉన్నది ఒకటే రోగం. ఎదుటివాళ్ళ మాట మధ్యలో ఆగితే ఆయన అక్కడినుంచి కదలలేరు. మనలో సగంమంది మాటలు సగంలోనే ఉంటాయి కదా, ఎదుటివాళ్ళు అర్థం చేసుకుని పోతారు. సార్ అర్థం చేసుకునేవారు కాదు. గొడుగు చంకన పెట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి, చివరి మాట వచ్చేదాకా నిలబడేవారు. కోప్పడరు, తొందరపెట్టరు. అట్లా నిలబడటం తిట్టడం కంటే అన్యాయంగా ఉండేది.

ఆయన ఇల్లు మొయినాబాద్‌లో. రోజూ చేవెళ్ళ బడికి బస్సులో వచ్చి పోయేవారు. సాయంత్రం బస్టాండులో కండక్టర్ "మొయినాబాద్, మొయినాబాద్" అని అరిస్తే, సార్ మెట్టు మీద ఒక కాలు పెట్టి, "మొయినాబాద్‌కు ఏమైంది నాయనా?" అని అడిగేవారు. వెనక జనం తోసుకుంటున్నా ఎక్కేవారు కాదు. కొన్నాళ్ళకు ఆ దారిన తిరిగే కండక్టర్లందరికీ అలవాటైపోయింది. ఆయన గొడుగు కనపడగానే, "మొయినాబాద్ పోయేటోళ్ళు తొందరగ ఎక్కుండ్రి సార్" అని వినయంగా అనేవాళ్ళు. అప్పుడు సార్, "ఇప్పుడు మంచిగున్నది" అని ఎక్కి కిటికీ పక్కన కూర్చునేవారు.

బడిలో ఆయన వ్యాకరణం చెప్పే పద్ధతి ఇంకా విడ్డూరం. బోర్డు మీద రాస్తే మా బుర్రలకు ఎక్కదని ఆయనకు తెలుసు. మమ్మల్నే మాటలుగా చేసి, గ్రౌండ్‌లో వరసగా నిలబెట్టి వాక్యం తయారుచేసేవారు. ఒకడు రాములు, ఒకడు బర్రె, ఒకతి కొట్టం. నేను అందరికంటే పొట్టి. ప్రార్థనలో అందరికంటే ముందు నిలబడేదాన్ని, సార్ వాక్యంలో మాత్రం ఎప్పుడూ చివర. అంటే నేను క్రియను. "చివర ఉన్నది చిన్నదే గాని, ముందటోళ్ళ బరువంత దాని మీదనే ఉంటది" అనేవారు సార్. ఆ మాటకు నేను గర్వపడాల్సింది. నేను మాత్రం కొట్టం వెనక నక్కేదాన్ని.

ఒకరోజు వాక్యం పెద్దది. వాన పడి, వాగు పొంగి, బస్సు రాక, సార్ బడిలోనే ఉండిపోయాడు. "పడి" అంటే మాట అయిపోలేదు, తర్వాత ఏదో రావాలి. "పొంగి" అన్నా అంతే. ఇట్లాంటివాటిని అసమాపక క్రియలంటారని పుస్తకంలో ఉంది. సార్ ఆ పుస్తకం మూసేసి, "ఇవి ఒంటికాలి మీదున్న క్రియలు" అన్నారు. అందుకని వాన పడి అయినవాడు ఒక కాలు లేపాలి. వాగు పొంగి, బస్సు రాక కూడా లేపాలి. చివర ఉన్న అసలు క్రియ నోరు తెరిచి "ఉండిపోయాడు" అన్న తర్వాతే అందరూ కాళ్ళు దించాలి.

చివర ఉన్నది నేను. నాకు నోరు పెగల్లేదు. వాన పడి ముఖం ఎర్రబడింది. బస్సు రాక తూలి వాగు పొంగి మీద పడింది. "చెప్పవే తల్లీ, కాలు గుంజుతున్నది" అని అందరూ నామీద అరుస్తున్నారు. సార్ నన్ను తిట్టలేదు, నా బదులు చెప్పలేదు. నాకెదురుగా వచ్చి, చెప్పు వదిలి, తానూ ఒక కాలు లేపారు. "తొందర లేదు బిడ్డా. కానియ్యి, నేనున్న" అన్నారు. అంత పెద్దమనిషి ధోవతి కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని ఒంటికాలి మీద ఊగుతుంటే భయం పోయి జాలేసింది. "ఉండిపోయిండు" అన్నాను. "ఉండిపోయాడు అనాలె సార్" అని ముందు వరసవాడు ఒకడు ఎగబడ్డాడు. "ఏదైతేంది, వాక్యం నిలబడ్డదా లేదా?" అని సార్ కాలు దించారు.

అప్పుడే హెడ్మాస్టర్ వరండాలోకి వచ్చి, "ఏంది సార్, పీటీ పీరియడా?" అని అడిగాడు.

"కాదు సార్, సంక్లిష్ట వాక్యం" అన్నారు మా సార్.

నాకు నోరెందుకు పెగలదంటే, మా ఇంట్లో ఎవరికీ మాట పూర్తి చేసే అలవాటు లేదు. మేము దుకాణం వాళ్ళం. చేవెళ్ళ బస్టాండు పక్కన మా స్టీలు సామాన్ల దుకాణం. మా బాపు గల్లా మీద కూర్చుని, "గిన్నెనా, గది... ఓ బిడ్డా, ఆ పైది... అవ్వా, నీకు మూత..." అని ఒకేసారి నలుగురితో మాట్లాడేవాడు. ఎవరి ముక్క వాళ్ళు పట్టుకుని పోయేవాళ్ళు. ఇంటికొచ్చాకా అదే తీరు. నేను "అమ్మా, నాకు..." అంటే అమ్మ అన్నం పెట్టేసేది. "అన్నా, నువ్వు..." అంటే అన్న "తెస్తగని పో" అనేవాడు. నా మాటలన్నీ వాళ్ళే పూర్తి చేసేవాళ్ళు, అదీ ప్రేమతోనే. నేను అడగబోయింది వేరే అని చెప్పేలోపల ఎవరి పనిలో వాళ్ళు ఉండేవాళ్ళు.

బస్సు వచ్చేదాకా సార్ మా దుకాణంలోనే నీడకు నిలబడేవారు. బాపుకు అది గండంలా ఉండేది. "ఈ గ్లాసులు మందమేనా?" అని సార్ అడుగుతారు. "గవా సార్, గవి మీరు..." అని బాపు ఇంకో గిరాకీ వైపు తిరుగుతాడు. "నేను?" అని సార్ కౌంటర్‌కు అడ్డంగా నిలబడతారు. వెనక ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని తోసుకుంటుంటారు. బాపు తల పట్టుకుని లోపలికి కేకేసేవాడు, "బిడ్డా, సార్‌కు జర వాక్యం ఇచ్చి పంపియ్యి."

నేను వచ్చి, చెంబు తుడిచి ఇచ్చినట్టు, "ఈ గ్లాసులు మందంగనే ఉంటయి సార్, మీరు ఫికర్ లేకుండ తీసుకోండ్రి" అని పూర్తిగా చెప్పేదాన్ని. సార్ ముఖం విప్పారేది. గ్లాసులు మాత్రం కొనేవారు కాదు.

అట్లా ఏళ్ళు గడిచిపోయాయి. సార్ రిటైరయ్యారు. నా పెళ్ళయింది. పెళ్ళయినా నేను చేవెళ్ళ దాటలేదు. మా ఆయన దొంతన్‌పల్లి యూనివర్సిటీ ఆఫీసులో పనిచేస్తాడు. పొద్దున ఆయన బండి స్టార్ట్ చేయగానే నేను దుకాణానికి వచ్చేసేదాన్ని. బాపుకు మోకాళ్ళు అరిగిన తర్వాత అటక ఎక్కేది నేను, బేగంబజార్ పోయి సరుకు తెచ్చేది నేను, పెళ్ళి సామాన్ల బేరాలు కుదిర్చేది నేను. కాని దుకాణం బాపుది, ఆ తర్వాత అన్నది అని అందరి ఆలోచన. అందులోంచి నన్ను ఎవరూ తీసెయ్యలేదు, అసలు నన్ను అందులో పెట్టుకోనేలేదు.

మా అన్న మోకిలలో ప్లాట్లు అమ్ముతాడు. గిన్నెలంటే వాడికి నామోషీ. వాడే ఒకనాడు, దుకాణాన్ని మొబైల్ షోరూమ్ వాళ్ళకు కిరాయికి ఇచ్చేద్దామని, బాపు ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చని అన్నాడు. చెడ్డ ఆలోచనేం కాదు. కాని ఆ దుకాణం నాకు కావాలి. నాకు తెలిసిన పని అదొక్కటే, నాకు ఇష్టమైన పనీ అదే. ఈ ఒక్క మాట బాపుతో అనలేక ఇంట్లో రోజూ రొట్టెలు మాడ్చాను. మా ఆయన మాడిన రొట్టెలు తిని, "చెప్పరాదు" అనేవాడు. చెప్పగలిగితే రొట్టెలెందుకు మాడతాయి?

షోరూమ్ ఆయన వచ్చి మాట ఖాయం చేసుకుంటాడన్న రోజుకు ముందు రోజు సార్ దుకాణానికి వచ్చారు. రిటైరయ్యాక కూడా ఏదో పని కల్పించుకుని చేవెళ్ళ వచ్చి పోతుండేవారు. బాపు లేని సమయం చూసి ఆయనకు చెప్పాను. "సార్, దుకాణం కిరాయికి ఇస్తున్నరు. రేపు పొద్దున అన్న ఎవరినో తోలుకొస్తున్నడు. నాకేమో..."

"నీకేమో?" అన్నారు సార్, తల పక్కకు వంచి.

ఇంతలో ఒకావిడ వచ్చి ఇడ్లీ పాత్ర చూపించమంది. బస్టాండులో బస్సు హారన్ కొట్టింది. సార్ ఒకసారి బస్సును, ఒకసారి నన్ను చూసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. అన్నేళ్ళలో ఆయన ఒక వాక్యాన్ని మధ్యలో వదిలిపోవడం అదే మొదటిసారి. నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో ప్రతివాడి దగ్గరా గంటలు నిలబడ్డ మనిషికి నా దగ్గరికి వచ్చేసరికి బస్సు ముఖ్యమైపోయిందా అనుకున్నాను.

మర్నాడు అన్న, షోరూమ్ ఆయన కారు దిగారు. బాపు గల్లా మీద ఉన్నాడు. చాయ్ తెప్పించారు. షోరూమ్ ఆయన మా అటకను చూసి, "ఇదంత కొట్టేసి గ్లాస్ పెట్టేద్దం" అంటున్నాడు. అప్పుడే సార్ వచ్చారు.

"ఐదు లీటర్ల కుక్కర్‌కు రబ్బరు కావాలె" అన్నారు.

నిన్నటి కోపంతో నేను మాట్లాడకుండా డబ్బా తీసి ముందర పెట్టాను. సార్ ఒక్కొక్క రబ్బరు వేళ్ళకు తొడిగి చూస్తున్నారు. "ఇది జర వదులున్నది." "ఇది మరీ గట్టిగున్నది." "కుక్కర్ తేకపోతిరి సార్?" అన్నాను. "కొలత మతికున్నది" అని రెండు చేతులతో గుండ్రంగా చూపించారు. ఒకసారి పళ్ళెమంత, ఒకసారి దోసిలంత. ముసలితనం వచ్చేసింది పాపం అనుకున్నాను.

ఇటు మాటలు ముగింపుకొస్తున్నాయి. ఇంకా ఆగితే అయిపోతుందని నాకు తెలుస్తూనే ఉంది. "బాపూ, నేనేమంటున్ననంటే, ఈ దుకాణం..." అన్నాను.

"ఆ, సామానంత అన్న దగ్గర మోకిలల వేద్దం బిడ్డా. యాది ఉన్నది నాకు" అన్నాడు బాపు.

"అది కాదు బాపు. దుకాణం నేను..."

"నువ్వేం ఫికర్ చెయ్యకు చెల్లె, నీకు కావాల్సిన గిన్నెలన్ని నువ్వు ఇంటికి తీస్కపో" అన్నాడు అన్న. ఎంత మంచిగా అన్నాడో. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. చూసి షోరూమ్ ఆయన, "ఆడపిల్లలు అంతే, అటాచ్‌మెంట్ ఉంటది" అన్నాడు.

"జర ఆగుండ్రి" అని వినబడింది. సార్. చేతిలో రబ్బరు పట్టుకుని ఉన్నారు. "బిడ్డ వాక్యం కాలేదు."

"ఎవరీయన?" అన్నాడు షోరూమ్ ఆయన.

"మా సార్" అన్నాడు బాపు, దిగులుగా. "అయ్యేదాక పోడు."

నేను సార్ వైపు చూశాను. కౌంటర్ అంచు పట్టుకుని ఉన్నారు. ఒక చెప్పు నేల మీద ఖాళీగా ఉంది. ఆ కాలు గాలిలో ఉంది. డెబ్బై దాటిన మనిషి. కాలు సన్నగా వణుకుతోంది. "తొందర లేదు బిడ్డా. కానియ్యి, నేనున్న."

"దుకాణం కిరాయికి ఇయ్యొద్దు బాపు" అన్నాను. "నేను నడుపుత."

ఇంత చిన్న మాటా ఇన్నాళ్ళు గొంతులో ఉన్నది అని నాకే ఆశ్చర్యమేసింది. బాపు నన్ను, అటకను, మళ్ళీ నన్ను చూశాడు. "నువ్వా... అంటే... ఒక్కదానివి..." అన్నాడు.

సార్ మెల్లగా బాపు వైపు తిరిగారు. కాలు ఇంకా దించలేదు.

"సార్, మేం మేం మాట్లాడుకుంటున్నం గద" అన్నాడు అన్న.

"మంచిది నాయనా, మాట్లాడుకోండ్రి. నేనున్న."

బాపుకు చెమటలు పట్టాయి. "సార్, జర కాలు కింద పెట్టుండ్రి. పడితె మా మీదికి వస్తది."

"మీ వాక్యం కానియ్యండ్రి, పెడత."

షోరూమ్ ఆయన చాయ్ కప్పు పట్టుకుని తాగడం మర్చిపోయాడు. చివరికి బాపు గల్లా తాళంచెవి కౌంటర్ మీద పెట్టి, "సరే బిడ్డా. ఏడాది నడుపు. నడవకపోతె అప్పుడు కిరాయి సంగతి చూద్దం" అన్నాడు. మా బాపు నోట అంత పొడుగు మాట నేను అంతకుముందు వినలేదు. వరసగా మూడు క్రియలు.

సార్ కాలు దించి చెప్పు తొడుక్కున్నారు. చేతిలో ఉన్న రబ్బరునే, కొలత కూడా చూడకుండా, ప్యాకెట్‌లో వేయించుకుని, గొడుగు తీసుకుని బస్టాండుకు పోయారు.

ఏడాది పోయింది. దుకాణం నడిచింది. బాపు ఇప్పుడు వచ్చి కూర్చుని, నేను అరలు మార్చానని సణుగుతాడు. అన్న మోకిలలో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ గృహప్రవేశాలకు మా దుకాణం పేరే చెప్తాడు. నా మనసులో మాత్రం ఒక ముల్లు ఉండిపోయింది. సార్ ఆ రోజు నాకోసం నిలబడ్డారా, లేక ఆయన రోగం కొద్దీ నిలబడ్డారా? ఎవరి వాక్యమైనా ఆయన అట్లానే నిలబడేవారు కదా. ఒకసారి అడిగేశాను. "ఆ రోజు కాలెందుకు లేపిండ్రు సార్?"

"మోకాలు నొప్పి అమ్మా. ఒక కాలి మీద బరువేస్తె జర నయముంటది."

"నా కోసం వచ్చిండ్రనుకున్న."

"రబ్బరు కోసం వచ్చిన. రబ్బరు తీసుకున్న. బస్సెక్కిన" అన్నారు. అన్నీ పూర్తి వాక్యాలే, అందుకని నమ్మేశాను. ముల్లు కొంచెం లోపలికే దిగింది.

గ్రూపులో ఆ ఫొటో వచ్చిన కొద్దిరోజులకు మొయినాబాద్‌లో వాళ్ళింటికి పోయాను. సురంగల్ నుంచి వచ్చిన చుట్టాలు అప్పుడే తిరిగిపోయారట, అమ్మ ఒక్కతే ఉంది. సార్ భార్యను మేమంతా అమ్మా అనే పిలిచేవాళ్ళం. గొడుగు తలుపు వెనక ఉంది. నాకు చాయ్ చేతికిచ్చి ఆమె వంటింటి గడపలో కూర్చుంది. సార్ వాక్యాల గురించి, కండక్టర్ల గురించి, మా దుకాణంలో ఒంటికాలి మీద నిలబడ్డ రోజు గురించి నేను చెప్తుంటే నోరు తెరుచుకుని విన్నది.

"ఊరందరితోని గట్లుండెనా?" అంది. "ఇంట్ల ఒక్క మాట పూర్తిగ అన్నోడు కాదు. 'చాయ్' అంటడు. 'గొడుగు' అంటడు. 'ఏమే, అది' అంటడు. అది అంటే ఏందో నేనే ఎతుకాలె." ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పొయ్యి మీద అన్నం పొంగింది. ఆమె లేచి, రెండు గుడ్డలతో గిన్నె పట్టుకుని గంజి వార్చడం మొదలుపెట్టింది. "ఈ వయసుల వార్చుడెందుకమ్మా, కుక్కర్‌ల పెట్టుకోరాదు?" అన్నాను.

"కుక్కరా? మా ఇంట్ల కుక్కర్ ఎన్నడున్నది?" అంది. "తెచ్చుకుందమంటే ఆయన తేనియ్యలే. ఆ సీటీ కూత పడదు ఆయనకు. మాట మధ్యల అడ్డమొస్తదట."

నేను గ్లాసు కింద పెట్టాను. "మరి రబ్బరు? ఐదు లీటర్లది. మా దుకాణంల తీసుకున్నరు."

అమ్మ గిన్నె పక్కన పెట్టి, వంటింటి తలుపు వెనక మేకు నుంచి ఒక ప్యాకెట్ తీసింది. దుమ్ము పట్టింది. మా దుకాణం స్టిక్కర్ అట్లానే ఉంది. విప్పనైనా విప్పలేదు. "గిదేనా? కుక్కర్ లేని ఇంటికి రబ్బరేందయ్యా అని అడిగిన. 'ఉండనియ్యి' అన్నడు. ఉండనిచ్చిన."

"అమ్మా, అంటే సార్ ఆ రోజు..." అన్నాను. తర్వాతి మాట రాలేదు.

ఇంకెవరైనా అయితే నీళ్ళిచ్చేవాళ్ళు, ఊరుకో బిడ్డా అనేవాళ్ళు, ఏదో ఒకటి చెప్పి నా మాట వాళ్ళే ముగించేవాళ్ళు. అమ్మ ఆ ప్యాకెట్ ఒళ్ళో పెట్టుకుని నా ముందర కూర్చుంది. అన్నం చల్లారుతోంది. ఆమె తల కొంచెం పక్కకు వంచింది.

"కానియ్యి బిడ్డా. నేనున్న" అంది.

"సార్ ఆ రోజు రబ్బరు కోసం రాలేదమ్మా. నా కోసం వచ్చిండ్రు."

"గది గిప్పుడు సమజైందా నీకు?" అంది అమ్మ. "చాయ్ తాగు, చల్లారిపోతున్నది."